కుంటాల ఫొటో మీద నాలుగు మాటలు

బిడ్డా,

నీ కుంటాల ఫొటో మీద ఆ పిలగాడు అన్న మాటకు నువ్వు అలిగినవని, మొన్న ఐతారం మనం కూసొని ఫొటోలు చూసుకునే స్టూడియో దిక్కే రాలేదని మీ అమ్మ ఫోన్ చేసింది. "మీ తమ్ముని బిడ్డకు మీరే చెప్పాలె బావా, నా మాట వింటలేదు" అన్నది. ఫోన్‌లో చెప్తే సగం చెప్పకముందే "సరే పెద్దబాపూ" అని పెట్టేస్తవు. అందుకే రాస్తున్న.

ఆ పిలగాడు అన్నదేంది? ఆకాశం తెల్లగ తేలిపోయింది, నీళ్లు పాలలెక్క అయినయి, మూలకున్న మనిషిని తీసేయాల్సింది, మొత్తం మీద బాగలేదు. ఇంతే కదా. అతనికంటె ముందు కూసున్నోళ్లందరు "సూపర్ అక్కా", "కిరాక్ ఉంది" అన్నరు. వాళ్ల మాట ఒక్కటి నీకు యాదికి లేదు, ఇతనిది మాత్రం ముల్లు లెక్క ఉన్నది. నన్నడిగితే ఆ రోజు అక్కడ నీకు పని చేసినోడు ఇతనొక్కడే. ఇతను ఫొటోను చూసిండు. మిగిలినోళ్లు నిన్ను చూసి అన్నరు.

అట్లని అతని తీరు సక్కగుందని అంటలేను. చెప్పిన నాలుగింటిలో రెండు పనికొచ్చేవి, ఒకటి అతని సొంత ఇష్టం, ఆఖరుది ఉత్త తీర్పు. నాలుగూ ఒక్క గంపలో ఏసి నలుగురి ముందట కుమ్మరించిండు. కన్ను మంచిదే, నోటికే ఇంకా తర్ఫీదు కావాలె. నీకైతే చెవికి కావాలె.

నేను నీ ఫొటోను ఫోన్‌లో చూడలేదు. ల్యాబ్‌లో ఎనిమిది బై పన్నెండు ప్రింట్ తీయించి, మ్యాట్ కాగితం మీద, కిటికీ పక్కన పెట్టుకొని చూసిన. నా కంటికి ఏమైందో వరుసగ చెప్త. ముందుగాల కన్ను పైకి పోయింది. ఆకాశం ఉన్న జాగాల కాగితం తెల్లగనే మిగిలింది. ఫొటోలో అన్నింటికంటె తెల్లటి జాగా ఏదో కన్ను అక్కడికే ఉరుకుతది, దాని గుణమే అంత. అక్కడ చూసేందుకు ఏమీ లేకపాయె, కిందికి దిగిన. నల్లటి బండలు, వాటి మీద మెట్లు దిగినట్టు దుంకుతున్న కడెం వాగు. బండల తడి ఎంత మంచిగొచ్చిందో! పోలరైజర్ పెట్టి మెరుపు తగ్గించినవని తెలుస్తున్నది. ఆ నలుపు దగ్గర చాన సేపు ఆగిన. అక్కడినుంచి నీళ్ల మీదికి పోయిన. షట్టర్ రెండు సెకన్లు తెరిచిపెట్టినవు, ధారలన్నీ కలిసిపోయి ఒక్క తెల్లటి పరుపు అయినయి. వానకాలం కుంటాలకు ఒక జోరుంటది, పైనుంచి మెట్లు దిగుతుంటేనే చెవులు దిమ్మెక్కిస్తది. ఫొటోలో ఆ జోరు నాకు దొరకలేదు. ఆఖరికి కుడిపక్క కింది మూలకొచ్చిన. ఎర్రంగి తొడుక్కున్న మనిషి, వేలిగోరంత ఉన్నడు. అతన్ని చూసినంక మళ్ల పైకి చూసిన. 147 అడుగుల ఎత్తు అని బోర్డుల మీద రాసేది అప్పుడు కంటికి ఆనింది.

అందుకే మనిషిని తీసేయమన్న మాటకు నేను ఒప్పుకోను. అతను లేకుంటే అది కుంటాలనో, పెరటి బండ మీద పారే నీళ్లో ఎట్ల తెలువాలె? ఆకాశం మాట నిజమే. మొగులు పట్టిన నాడు జలపాతం తీసేటప్పుడు ఆకాశాన్ని ఫ్రేములకు రానీయకుండ కెమెరా జర కిందికి వంచాలె, లేకుంటే ఆకాశానికి సరిపోయే వెలుతురుతో ఒకటి, బండలకు సరిపోయేది ఒకటి తీసుకొని తర్వాత కలుపుకోవాలె. నీళ్ల సంగతి ఇష్టాన్ని బట్టి ఉంటది. కొందరికి ఆ మెత్తదనం కావాలె, కొందరికి దారం దారం కనపడాలె. సెకన్‌లో ఎనిమిదో వంతు, నాలుగో వంతు పెట్టి కూడ నాలుగు తీసి చూడు, నీకేది కావాలెనో నువ్వే తేల్చుకుంటవు.

ఇంతసేపు నేను బాగుంది అనలేదు, బాగలేదు అనలేదు. నా కన్ను ఏ తొవ్వన పోయింది, ఎక్కడ ఆగింది, ఎక్కడ తట్టుకున్నది, అదొక్కటే చెప్పిన. నేను నీకు చెప్పదలచుకున్నది కూడ ఇదొక్కటే బిడ్డా. ఇంకొకరి ఫొటో మీద మాట్లాడుడంటే, దాన్ని చూస్తే నీ కంటికి ఏమైందో వాళ్లకు చెప్పుడు. తీసిన మనిషికి ఆ ఒక్క సంగతే తెలువదు. అతను ఆ పొద్దున అక్కడున్నడు. చలి యాదికున్నది, వాగు సప్పుడు యాదికున్నది, నడిచిన తొవ్వ యాదికున్నది. ఫొటో చూసినప్పుడల్లా అవన్నీ కలుపుకొని చూస్తడు. నీకు అవేవీ లేవు, కాగితమే ఉన్నది. నువ్వు చెప్పేదానికి విలువ అక్కడినుంచే వస్తది. "నేనైతే ఇట్ల తీసేటోన్ని" అన్నవంటే అది నీ ఫొటో సంగతి, అతని ఫొటో సంగతి కాదు.

ఈ "నేనైతే" మాటతో ఇంకో ఆపద ఉన్నది, మన దిక్కు ముఖ్యంగ. కుంటాల దగ్గర, బోథ్ దిక్కు పొచ్చెర దగ్గర "ఇంకొంచెం కిందికి దిగి, ఆ బండ మీదినుంచి తీస్తే అదిరిపోతది" అని సలహా ఇచ్చేటోళ్లను చూసిన. ఆ బండలకు పాకురు ఉంటది, కింద గుండం లోతు ఎంతో పైకి కనపడది. కుంటాలలో మునిగి ప్రాణాలు పోయిన సంగతి ఆదిలాబాద్‌ల ఎవరినడిగినా చెప్తరు. ఏసీ గదిలో కూసొని ఇంకొకర్ని బండ మీదికి పంపుడు ఏం సలహా? అటువంటి మాట నీ నోట రావద్దు. నీకు ఎవరన్న చెప్తే నవ్వి ఊరుకో.

కోరుట్ల రాజన్‌బాబు గారి పేరు విన్నవో లేదో. పూర్తి పేరు బండి రాజన్‌బాబు, 1939లో పుట్టిండ్రు, మన పాత కరీంనగర్ జిల్లా మనిషి. హైదరాబాద్‌ల స్థిరపడి, ఫొటోగ్రఫీకి బడి పెట్టి ఎంతోమందికి నేర్పిండ్రు. 2011లో పోయిండ్రు. బ్రిటన్‌లో రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ అని 1853లో పుట్టిన సంస్థ ఒకటున్నది, వాళ్లిచ్చే ఫెలోషిప్ ఆయనకున్నది. ఆ సొసైటీ పద్ధతి నీకు పనికొస్తది, అందుకే ఎత్తిన. అక్కడ ఒక్క ఫొటో చూసి మనిషిని తేల్చరు. మొదటి మెట్టుకే పది ఫొటోలు వరుసగ పెట్టాలె. పక్కపక్కన పెడ్తే ఏమైతదంటే, ఒక్క ఫొటోలో కనపడని అలవాటు పదింటిలో కనపడ్తది. మన పిలగాండ్లలో ఒకతని ఫొటోలన్నింటిలో చెట్టు ఎడమపక్కనే ఉంటది. ఇంకొకతని గుట్టలన్నీ సరిగ్గ నడిమధ్యల కూసుంటయి. నీకూ ఒకటున్నది, అంచు మీద కొమ్మను సగం కోసి వదిలేస్తవు. ఒక్క ఫొటోలో అయితే పొరపాటున పడ్డదనుకుంట. నువ్వు పంపిన వాటిలో చూస్తే అన్నింటిలో ఉన్నది. టేకు ఆకు అంత పెద్దది మళ్ల, సగం తెగి అంచుల నిలబడితే కన్ను దాన్ని దాటుకొని లోపలికి పోలేదు. బటన్ ఒత్తకముందు నాలుగు అంచులు ఒకసారి చూసుకో.

పోటీలకు పంపుడు వేరే సంగతి. సలోన్లు అనే ఆ పోటీలలో జడ్జీలు తెర మీద ఫొటో పడంగనే మార్కు ఒత్తుతరు, కొన్ని సెకన్ల పని అది. వేల ఫొటోలు రాంగ వాళ్లు మాత్రం ఏం చేస్తరు? మార్కు వస్తే సంబురపడు, రాకుంటే బాధపడకు. అది నీకు నేర్పేది మాత్రం ఏమీ లేదు. "పదమూడు" అన్న అంకె ఏ మూల సక్కగ లేదో చెప్తదా?

ఇంకొకరి ఫొటో మీద నువ్వు చెప్పేటప్పుడు, అక్కడే కూసొని దిద్దుకోగలిగేది ఏది, మళ్ల ఆ జాగకు పోయి తీసుకోవాల్సింది ఏది, ఈ రెండింటిని కలపకు. వంకర దిద్దుడు, ఒక మూల చీకటి చేసుడు, సెన్సర్ మీద దుమ్ము చుక్కలు తుడుచుడు, ఇవి పది నిమిషాల పని. వెలుతురు పక్కనుంచి పడకుండ నడినెత్తిన పడ్డదంటే ఆ మనిషి మళ్ల ఇంకో పొద్దున లేచి పోవాలె. ఈ రెండూ కాని మాటలు మూడో రకంవి. "ఆ గుట్ట మీద చందమామ ఉంటే..." లేదు కదా అన్నా! అటువంటివి నోట్లోనే ఉంచుకోవాలె.

కూసొని దిద్దుకునుడు అంటే చిన్న పని అనుకోకు. అమెరికాల యాన్సెల్ ఆడమ్స్ అని కొండలను తీసుటల పేరుమోసిన మనిషి. 1941లో న్యూ మెక్సికో దిక్కు కారులో పోతుంటే హెర్నాండెజ్ అనే చిన్న ఊరి మీద చందమామ పొడుస్తున్నది, సమాధుల తెల్ల శిలువల మీద ఆఖరి ఎండ పడుతున్నది. కారు ఆపి పెద్ద కెమెరా నిలబెట్టిండు, వెలుతురు కొలిచే మీటర్ చేతికి దొరకలేదు. చందమామ వెలుతురు ఎంతుంటదో తనకు లెక్క తెలుసు, దాన్ని బట్టి ఒక ఫిల్మ్ ఎక్స్‌పోజ్ చేసిండు. రెండోది తీద్దామనేసరికి శిలువల మీది ఎండ పోయింది. ఆ ఒక్క నెగెటివ్‌నే తర్వాత ఎన్నో ఏండ్లు ప్రింట్ చేసుకుంట పోయిండు. మొదటి ప్రింట్లలో ఆకాశం లేత బూడిద రంగు, మబ్బులు కనపడ్తయి; తర్వాత తర్వాత ఆకాశాన్ని నలుపు చేసుకుంట వచ్చిండు. అంతటి మనిషే తన ఫొటో మీద తన మనసు మార్చుకున్నడు. మనం తీసిన తెల్లారే "ఇది ఇంతే, నా స్టైల్" అని మొండికేసుడేంది?

కరీంనగర్‌ల కెమెరా కొన్నోళ్లందరు ముందుగాల ఎల్ఎండీ కట్ట మీద పొద్దుగూకుడు తీసి బోణీ చేస్తరు. తప్పు లేదు, మానేరు మీద అంత నీళ్లు, అవతల పొద్దు. నూటొక్కటో పొద్దుగూకుడు మన ముందటికి వచ్చినప్పుడు ఏం చెప్పాలె? "ఇవి మస్తు చూసినం" అంటే ఆ పిలగాని మనసు విరుగుతది, వానికి అది మొదటిది. ఫొటోలోకి పో. నీళ్ల అంచు వంకరున్నదా చూడు. గుట్ట వంకరుంటే గుట్టే అట్లున్నదేమో అనుకుంటరు, రిజర్వాయర్ నీళ్లు ఒక పక్కకు వాలితే ఎవరూ నమ్మరు. రంగు చూడు. పెండ్లి ఫొటోలు దిద్దీ దిద్దీ మనోళ్ల చేతికి ఆ స్లైడర్లు అలవాటైనయి. ప్రీ వెడ్డింగ్‌కు కొట్టే ఫిల్టరే ఎలగందుల కోటకు కొడ్తరు, కోట గోడలు నారింజ, ఆకాశం నెమలి రంగు. కూరలో కారం లెక్కనే, తినేటోనికి ముక్క రుచి తెలువాలె కదా. ఈ మాటనే మంచిగ చెప్పాలంటే, "ఆ రోజు ఆకాశం ఇంత ఎర్రగనే ఉండెనా?" అని అడుగు. ఉండె అంటే నమ్ము, వానకాలం ఎల్లేటప్పుడు నిజంగనే ఉంటది ఒక్కోనాడు. లేదంటే వానికే తెలుస్తది.

ఇప్పుడు చెప్పబోయే సంగతి మీద నాకు కొంచెం కోపం ఉన్నది. రామగుండం ఎన్టీపీసీ చిమ్నీలు, గోదావరి మీద పొద్దుటి పొగ, ఇసుక తిన్నె మీద ఒక పుట్టి. గోదావరిఖని పిలగాడు తెచ్చిండు, ఎంత మంచి ఫొటో అది. కూసున్నోళ్లలో సగం మంది "చిమ్నీలు తీసేస్తే ఇంకా మంచిగుంటది" అన్నరు. ఇప్పుడు ఫోన్‌లోనే వేలితో తుడిస్తే పోతయి కూడ. చిమ్నీలు పోతే అది ఏ ఊరు గోదావరి? ఇంకొకతను కరీంనగర్ చుట్టుపక్కల సగం కోసిన గ్రానైట్ గుట్టను తీసుకొచ్చిండు. ఒక పక్క ఎప్పటి గుట్ట, దాని మీద చెట్లు, గుండ్లు. ఇంకో పక్క కత్తితో కోసినట్టు నిలువు గోడ, అడుగున నీళ్లు నిలిచిన గుంత. మన టాన్ బ్రౌన్ రాయి ఎన్ని దేశాలకు పోతదో తెలుసు కదా. ఆ పిలగానికి వచ్చిన సలహా ఏంది? "కోసిన పక్కను క్రాప్ చేయి, మంచి పక్క ఉంచు." వాడు క్రాప్ చేసిండు కూడ! చేసినంక అది ఏ క్యాలెండర్ మీదనైనా ఉండే గుట్ట.

మన దిక్కు ల్యాండ్‌స్కేప్ అంటే కవ్వాల టేకు అడవి ఒక్కటే కాదు. ఓపెన్‌కాస్ట్ మట్టి దిబ్బలు మనవే, పత్తి చేన్లు మనవే, కరెంటు తీగలు మనవే. ఓరుగల్లు భరత్‌భూషణ్ గారు 2022లో పోయేదాకా తెలంగాణ పల్లెను ఉన్నది ఉన్నట్టు తీసుకుంట పోయిండ్రు. అవి ఇయ్యాల ఎంత విలువైనయో చూడు. తీగ అడ్డమొచ్చిందంటే, "ఈ తీగ నా కన్నును పట్టుకుంటున్నది, నువ్వు కావాలనే పెట్టినవా?" అని అడుగు. కావాలనే పెట్టిన అంటే, మళ్ల చూడు. అడుగకుండనే తుడిపేయమనకు.

ఆ జాగలో ఉండేటోని కన్ను మన కంటికంటె ఎక్కువ చూస్తది. ఎండాకాలం మొదట్ల జన్నారం దిక్కు ఒకాయన తీసిన ఫొటో, చెట్ల మధ్యనుంచి వాలు ఎండ, కింద తెల్లగ పరుచుకున్న పొర. పేరు కూడ "కవ్వాల పొగమంచు" అని పెట్టిండు. మేమందరం వెలుతురు గీతలు, లోతు, పొరలు అని పొగిడినం. అక్కడి ఫారెస్ట్ వాచర్‌కు చూపిస్తే ఆయన అన్నడట, "ఇది మంచు కాదు సార్, ఇప్పపూలు ఏరుకునేందుకు చెట్టు కింద ఆకులు కాలబెట్టిన పొగ." ఆకులుంటే రాలిన పువ్వు కనపడదు, అందుకే చెట్టు కింద ఊడ్చి అంటుపెడ్తరు, అది ఒక్కోసారి అడవిలకు పాకుతది. ఆ సంగతి తెలిసినంక ఫొటో నాకు ఇంకోలా కనపడ్డది. పేరు మార్చితే ఫొటో చెడిపోదు, ఇంకా పెరుగుతది. మంచు కావాలంటే చలికాలం పోవాలె, ఆదిలాబాద్ ఏజెన్సీలో కొన్ని పొద్దులు 5 డిగ్రీల దాకా దిగుతది, అప్పుడు కడుపునిండ మంచు.

గోండుల బతుకు మీద పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ గారు 1940లలో మార్లవాయిలో ఉండి గోండు గూడేలను, గుట్టలను వేలకొద్ది ఫొటోలు తీసిండ్రు, అవిప్పుడు లండన్‌ల ఒక విశ్వవిద్యాలయం దగ్గర భద్రంగున్నయి. వాటిని మన లెక్క మూడో వంతు గీతలతో కొలిచేదుంటే కొన్ని ఆగయి. ఆ గుట్ట ఎక్కడిది, ఆ ఇంటి కప్పు దేంతో నేసిండ్రు, ఆ చెట్టు ఇప్పుడున్నదా అని చూసేటోనికి వాటి ధర తెలుస్తది. నువ్వు ఉట్నూర్‌ల కొలువు చేస్తున్నవు, నీ బడి పిల్లల తాతలకు నీ ఫొటోలు చూపి ఎన్నిసార్లు అడిగినవు? మమ్ములను అడిగినదానికంటె ఎక్కువ నేర్చుకుంటవు. వాళ్లకు క్రాప్ తెలువకపోవచ్చు, ఆ వాగు ఆ నెలలో ఆ రంగుండదని తెలుసు.

జాగ గురించే ఇంకొక్కటి. మంచి ఫొటో కనపడంగనే "ఎక్కడన్నా? లొకేషన్ పెట్టు" అని అడుగుడు అలవాటైంది. అన్ని జాగలకు ఆ మాట నప్పదు. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట రాబందుల గూళ్లతో పేపర్లకెక్కింది. పిల్లలు పెట్టే కాలంల జనం పోయి గుట్ట కింద లొల్లి చేస్తే అవి ఎట్ల నిలుస్తయి? అట్ల పేపర్లకు ఎక్కనివి ఇంకా ఉంటయి. తీసినోడు జాగ చెప్పలేదంటే గుంజి గుంజి అడుగకు. చెప్పినోడు ఉంటే, పక్కకు పిలిచి "పేరు తీసేయరాదు తమ్మీ" అను. అది కూడ ఫొటో మీద సలహానే.

ఇగ నీ దిక్కు సంగతి, వినుడు. నీ ఫొటో తెర మీద పడంగనే నువ్వు మొదలుపెడ్తవు: పొద్దుగాల నాలుగింటికి లేచిన, బండి పంక్చరైంది, వాన పడ్డది. ఎందుకు చెప్తవు బిడ్డా? నువ్వు చెప్పినంక ఎవడైనా నిజం చెప్పగలుగుతడా? నీ కష్టం మీద జాలి పడి "సూపర్" అంటరు, ఆ సూపర్‌లు నువ్వు అడుక్కున్నవే. నోరు మూసుకొని కూసో. వాళ్లు చెప్పేది చిన్న పుస్తకంల రాసుకో. "అది కాదు అన్నా, నేను ఎందుకట్ల పెట్టిన్నంటే" అని మధ్యల అందుకోకు. అందుకుంటే అతను ఆడికే ఆగిపోతడు, తర్వాతిసారి అసలే చెప్పడు. అంతా అయినంక ఒక్క ప్రశ్న అడుగు, మీ కన్ను ముందు ఎక్కడికి పోయిందని. ముగ్గురు ఒకే మూల పేరు చెప్తే ఆ మూలల ఏదో ఉన్నది, వాళ్లు చెప్పిన కారణం తప్పైనా సరే. ఒక్కడే చెప్తే రాసిపెట్టుకో, రెండు రోజులాగి చూడు.

చెప్పిందల్లా చేయుడు కూడ మంచిది కాదు. అందరి మాట విని అన్నీ దిద్దితే చివరికి ఆ ఫొటోలో నువ్వుండవు. నీ బండల నలుపును ఎవడన్న లేత చేయమంటే చేయకు. అది నీది. ఆకాశం మార్చే యాప్‌లో వేరే ఊరి మబ్బులు తెచ్చి అతికించమంటే మాత్రం అటువంటోనికి చాయ్ తాపి పంపు, ఫొటో చూపకు.

వచ్చే ఐతారం నుంచి స్టూడియోల ఒక పద్ధతి పెడ్తున్న. అందరికంటె చిన్నోళ్లు ముందు మాట్లాడాలె, నేను ఆఖరికి. ఇన్ని రోజులు నేను నోరు తెరిస్తే మిగిలినోళ్లంతా "అవును సార్, నిజమే సార్" అనేటోళ్లు. అట్లైతే ఒక్క కన్నే చూసినట్టు, పది మంది కూసొని ఏం లాభం? ఫొటో పెట్టినంక కాసేపు ఎవరూ మాట్లాడొద్దు, సూడాలె. మెచ్చుకునేది అందరి ముందట చెప్పొచ్చు, కానీ దేన్ని మెచ్చుకుంటున్నరో వేలు పెట్టి చూపాలె. వంకలు ముందుగ తీసినోన్ని "చెప్పమంటవా" అని అడిగి చెప్పాలె. ఇది ఆ పిలగానికి కూడ చెప్పిన. "అక్క ఏమన్నా అనుకున్నదా సార్?" అని అడిగిండు. అనుకున్నది అనే చెప్పిన. అతను సిర్పూర్ దిక్కు పత్తి చేన్ల మీద పొగమంచు తీసిండట, తెస్తున్నడు. అక్కడున్న వాళ్లలో నువ్వు అతనికంటె రెండేండ్లే పెద్ద, చిన్నోళ్ల వరుసల నీ వంతు తొందరగనే వస్తది. నీ కోపం పక్కకు పెట్టి కన్ను ఎక్కడికి పోయిందో చెప్పు. ఫొటో నిజంగ బాగుంటే బాగుందని చెప్పేందుకు కూడ వెనుకాడకు, పగ తీర్చుకునేందుకు వంక వెతుక్కునుడు నాకు నచ్చది.

వచ్చేటప్పుడు ఉట్నూర్ దిక్కువి నీకు నచ్చినవి పది ప్రింట్లు పట్టుకురా, వరుసగ పెట్టి చూద్దాం. ఆదిలాబాద్‌లనే తీయిస్తవు కదా, ల్యాబ్ పిలగానికి ఆటో కరెక్షన్ బంద్ పెట్టమని గట్టిగ చెప్పు. లేకుంటే పెండ్లి ఆల్బమ్‌కు పెట్టుకున్న సెట్టింగే వీటికీ కొడ్తడు, నీ బండల నలుపంతా బూడిదైతది, మళ్ల నేను నిన్ను అంట.

మీ పెద్దబాపు